ఐర్లండ్ పాత గాథలను మామూలు పాఠకుల దాకా తెచ్చిన లేడీ గ్రెగరీ ఎవరు?

అగస్టా గ్రెగరీ 1852లో గాల్వే జిల్లాలో ఒక జమీందారీ కుటుంబంలో పుట్టారు. భర్త సర్ విలియం గ్రెగరీ ఒకప్పుడు సిలోన్ గవర్నర్. ఆయన 1892లో పోయాక ఆవిడ ఐరిష్ భాష నేర్చుకుని, తన ఎస్టేట్ కూల్ పార్క్ చుట్టుపక్కల పల్లెల్లో కథలు సేకరించడం మొదలుపెట్టారు.

కూహులిన్ అనే వీరుడి గాథలు అప్పటికే పండితుల అనువాదాల్లో ఉన్నాయి. కానీ అవి ముక్కలుముక్కలుగా ఉండేవి, చదవడం కష్టం. ఆవిడ వాటిని ఒకే వరుసలో పెట్టి, అక్కడికి దగ్గరి కిల్‌టార్టన్ రైతులు మాట్లాడే ఇంగ్లీషులో 1902లో పుస్తకంగా తెచ్చారు. ఆ ఇంగ్లీషుకు ఐరిష్ వాక్యం నడక ఉంటుంది. దేవతల కథలు, ఫిన్ అనే మరో వీరుడి కథలు 1904లో వచ్చాయి.

ఒక చిక్కు ఉంది. మోటుగా అనిపించిన ఘట్టాలను ఆవిడ తీసేశారు. మీకు నచ్చవనుకున్నవి చాలా వదిలేశానని కిల్‌టార్టన్ జనానికి రాసిన ముందుమాటలో ఆవిడే ఒప్పుకున్నారు. కాబట్టి అసలు కథ కావాలంటే ఈ పుస్తకం ఒక్కటే చాలదు. చదివించే గుణం మాత్రం బాగా ఉంది.

ప్రభావం అంటే ముందు ఐరిష్ కవి యేట్స్ పేరే చెప్పాలి. ఆయన కూహులిన్ నాటకాలకు ఈ పుస్తకమే ముడిసరుకు. ఇద్దరూ కలిసి డబ్లిన్‌లో నిలబెట్టిన ఆబీ థియేటర్ 1904 డిసెంబర్ 27న తెరుచుకుంది. ఆ రాత్రి ఆడినవాటిలో ఆయన కూహులిన్ నాటకం ఒకటి, ఆవిడ రాసిన హాస్య నాటిక ఇంకొకటి.

ఆవిడ 1932లో చనిపోయారు. కూల్ పార్క్ ఇల్లు 1941లో కూల్చేశారు. యేట్స్, నాటక రచయితలు సింగ్, షా వంటి అతిథులు తమ పేర్ల పొడి అక్షరాలు చెక్కిన బీచ్ చెట్టు మాత్రం తోటలో ఇంకా ఉంది.