వానలు పడగానే గొర్రెపిల్లలు చనిపోతుంటే

తమ్మీ, వానలు పడ్డ వారంలోనే మూడు పిల్లలు, అదీ మందలో బాగా బలిసినవే, రాత్రికి రాత్రి చనిపోయాయని నర్సంపేట నుంచి రాశావు. చదివి మనసు కలుక్కుమంది. ఈనగానే తడి ఒళ్లు గుడ్డతో తుడిచి, పొదుగు నోటికందించి పెంచిన పిల్లలాయె.

నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది చిటుకు రోగమే అయ్యుండాలి. లేత గడ్డి ఒక్కసారిగా కడుపునిండా మేస్తే పేగుల్లో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. అందుకే ఆబగా మేసే పుష్టైన పిల్లలే ముందు పోతాయి. పొద్దున ఎండుమేత వేశాకే మందను వదులు, కొత్త గడ్డిలో కాసేపే మేపు. మిగతావాటికి వెంటనే చిటుకు టీకా వేయించు. మొదటిసారి వేసినవాటికి 14 రోజులకు బూస్టర్ తప్పనిసరి. వచ్చే ఏడు నుంచి వానలకు ముందే, మే నెలలో వేయించేయ్. ఇంకొకటి పోతే మాత్రం కోసి పంచొద్దు, పశువుల డాక్టరుతో పోస్టుమార్టం చేయించి లోతుగా పూడ్చిపెట్టు.