స్ప్రింక్లర్ వాల్వు పగిలితే డిపాజిట్ కోసుకోవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. సంక్రాంతికని డిసెంబర్‌లో ఇండియా వెళ్తూ లాన్ స్ప్రింక్లర్ల టైమర్ ఆఫ్ చేశాను. జనవరి చలికి గోడ పక్కనున్న ఇత్తడి వాల్వు పగిలి నీళ్లు రోడ్డు దాకా పారాయని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. ఓనర్ బాగు చేయించారు. మేం జనవరి 31న ఇల్లు ఖాళీ చేశాం. ఫిబ్రవరి 20న ఆయన ఈమెయిల్ పెట్టారు. 2,400 డాలర్ల డిపాజిట్‌లో ‘స్ప్రింక్లర్ రిపేరు 1,850’ అని ఒక్క ముక్క రాసి, మిగిలిన 550 పంపారు. ఓనర్ కూడా మన తెలుగాయనే, అడగాలంటే మొహమాటంగా ఉంది. అంత కోసుకోవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. టైమర్ ఆఫ్ చేస్తే స్ప్రింక్లర్లు ఆగుతాయి గానీ పైపులో నీళ్లు ఖాళీ కావు. మీరు చెప్పిన ఇత్తడి వాల్వును బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ అంటారు, వాడుకలో ఉత్త బ్యాక్‌ఫ్లో. లాన్‌లోని మురికి నీరు వెనక్కి వచ్చి తాగే నీటిలో కలవకుండా అది ఆపుతుంది. నేలకు పైన, గాలికి ఎదురుగా ఉంటుంది కాబట్టి చలికి మొదట దెబ్బతినేది అదే. నీరు గడ్డకడితే పరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇత్తడి కూడా చీలిపోతుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైనప్పుడు ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో ఇక్కడున్న మనవాళ్లందరికీ గుర్తుంది.

మరి తప్పు మీదేనా? అది మీ లీజును బట్టి ఉంటుంది. టెక్సస్ చట్టం ఓనర్ మీద పెట్టిన రిపేరు బాధ్యత ప్రధానంగా ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు తెచ్చే లోపాలకు సంబంధించినది. లాన్ స్ప్రింక్లర్లు సాధారణంగా అందులోకి రావు. కాబట్టి లీజు తీసి రెండు చోట్ల చూడండి. చలికి పైపులు పగలకుండా జాగ్రత్త తీసుకోవాలన్న షరతు చాలా లీజుల్లో ఉంటుంది. లాన్, స్ప్రింక్లర్ల బాధ్యత ఎవరిదన్నది ఇంకో చోట ఉంటుంది. రెండూ మీ మీదే ఉంటే, మీ వైపు కొంత బలహీనత ఉందని నిజాయితీగా చెప్పాలి. స్ప్రింక్లర్ల నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో ఓనర్ ఎప్పుడూ చూపించకపోయినా, ఆ పని తన మనిషితో చేయిస్తానని ఏదైనా వాట్సాప్ మెసేజ్‌లో అన్నా, మీ వాదన బాగా బలపడుతుంది. పాత మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

తప్పు మీదే అనుకున్నా, 1,850 లెక్క వేరే ప్రశ్న. ఇక్కడ చట్టం మీ పక్కన ఉంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం ప్రకారం ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లో ఓనర్ డిపాజిట్ తిరిగివ్వాలి. కోత పెడితే దేనికి ఎంత అని విడివిడిగా రాసివ్వాలి. వాడకంలో సహజంగా అరిగినదానికి డబ్బు పట్టుకోకూడదు. కోర్టుకు వెళ్తే, ఆ కోత సమంజసమేనని రుజువు చేయాల్సింది ఓనరే, మీరు కాదు. ఈ చివరి మాట తెలియకే చాలామంది భయపడి ఊరుకుంటారు.

ఒక్క బ్యాక్‌ఫ్లో మార్చారా, లేక ఏళ్లనాటి వాల్వులు, స్ప్రింక్లర్ హెడ్లు అన్నీ మీ డబ్బుతో కొత్తవి వేయించారా అన్నది ఆ ఒక్క ముక్కలో తెలియదు. బిల్లు, పగిలిన భాగం ఫొటోలు అడగండి. టెక్సస్‌లో డబ్బు తీసుకుని స్ప్రింక్లర్ పని చేసేవారికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి కాబట్టి, బిల్లు మీద ఆ నంబరు ఉందో లేదో కూడా చూడండి.

మీ కొత్త చిరునామా ఓనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చారా? ఇవ్వనంతవరకు డిపాజిట్ గానీ లెక్క గానీ పంపాల్సిన బాధ్యత చట్టప్రకారం ఆయన మీద లేదు. ఇవ్వకపోతే ఇవాళే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. అదే ఉత్తరంలో బిల్లు అడిగి, జవాబుకు ఒక తేదీ పెట్టండి. మన తెలుగాయనే కదా అని మొహమాటపడకండి. మర్యాదగా రాసిన ఉత్తరంతో స్నేహం చెడదు. మనసులో పెట్టుకుంటేనే చెడుతుంది.

ఆయన కదలకపోతే జస్టిస్ కోర్టులో వేయొచ్చు. 20,000 డాలర్ల వరకు అక్కడే చూస్తారు, లాయరు తప్పనిసరి కాదు. దురుద్దేశంతో పట్టుకున్నారని తేలితే, అన్యాయంగా ఆపిన మొత్తానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు, లాయరు ఖర్చులు కూడా వస్తాయి. అయితే మీ ఓనర్ 30 రోజుల్లోపే లెక్క పంపారు, కొంత డబ్బు కూడా ఇచ్చారు. కాబట్టి మూడు రెట్ల మీద ఆశ పెట్టుకోవద్దు. బిల్లు చూశాక న్యాయంగా మీరు భరించాల్సినంత ఒప్పుకుని మిగతాది అడగడమే నేను చెప్పే దారి.

నీళ్ల బిల్లు మీ పేరున వచ్చి ఉంటే అది వేరుగా చూసుకోవాలి. లీకు బాగు చేయించిన రసీదు చూపిస్తే కొన్ని ఊళ్లలో బిల్లు తగ్గిస్తారు. మీ సిటీ వాటర్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

ఈసారి కొత్త ఇంట్లో మాత్రం నవంబర్ మధ్యకల్లా ఓనర్‌కు ఈమెయిల్ పెట్టండి: స్ప్రింక్లర్ల నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుంది, చలికాలం పని ఎవరు చేయాలి అని. మీరే చేయాల్సి వస్తే ఆ వాల్వు కట్టేసి, బ్యాక్‌ఫ్లో పక్కనుండే చిన్న టెస్ట్ కాక్‌లను స్క్రూడ్రైవర్‌తో తెరిచి నీళ్లు పోనివ్వండి. దాని రెండు పిడులనూ 45 డిగ్రీల కోణంలో సగం తిప్పి వదలండి, లోపల చిక్కుకున్న నీరు కూడా దిగిపోతుంది. పైన దళసరి కవరు చుట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీసి ఆ ఈమెయిల్‌కే జవాబుగా పంపండి.