ప్రశ్న – జవాబు: మఠంలో బీరు పండుగ

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులోని నారిచ్ నగరంలో చదువుకుంటోంది. అక్కడి కెథెడ్రల్‌కు కొద్ది దూరంలో ఉన్న పాత రాతి మందిరంలో బీరు పండుగ జరుగుతుందని, ఒకప్పుడు అది సన్యాసుల మఠమని చెప్పి ఫోటో పంపింది. ప్రార్థన చేసిన చోట పీపాలు పేర్చడానికి వాళ్ళకు మనసెలా ఒప్పింది?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: అమ్మా, బీరు మాట అటుంచితే, ఆ కాలపు సన్యాసులకు అది నిత్యపానీయమే. అసలు సంగతి వేరు.

ఎనిమిదవ హెన్రీ రాజు రోములోని పోపుతో తెగతెంపులు చేసుకుని మఠాలను ఒక్కొక్కటిగా స్వాధీనం చేసుకుంటూ ఉండగా, నారిచ్‌లోని డొమినికన్ సన్యాసుల వంతు 1538లో వచ్చింది. 1096లో కట్టడం మొదలైన కెథెడ్రల్ కూడా అప్పటిదాకా మఠమే కానీ, అది బిషప్పు పీఠం కనుక చర్చిగానే నిలిచింది. డొమినికన్లకు ఆ అండ లేదు. అలా చిక్కిన మఠాలకు సాధారణంగా పట్టే గతి ఏమిటంటే, పైకప్పు మీది సీసపు రేకులను ఒలిచి కరిగించేవారు, గోడల రాళ్ళను అమ్ముకునేవారు. ఇక్కడ మాత్రం ఆగస్టిన్ స్టూవర్డ్ అనే నగర ప్రముఖుడు పూనుకోవడంతో, ఊరికి ఒక సభామందిరం కావాలని నగరపాలకులు రాజును అడిగి 81 పౌండ్లకు ఆ కట్టడాన్ని కొన్నారు. కప్పు మీది సీసానికి మరో 152 పౌండ్లు వేరుగా ఇచ్చుకోవలసి వచ్చింది. ఇంటికన్నా ఇంటి కప్పే ప్రియమైందన్నమాట!

ఆ కట్టడం వారికి అంతగా అక్కరకు రావడానికి కారణం దాని వాటంలోనే ఉంది. డొమినికన్లు భిక్షతో బతుకుతూ ఊరివారికి ప్రవచనాలు చెప్పే సన్యాసులు కనుక, ఎక్కడ నిలుచున్నా చెప్పేవారు కనబడాలని, మాట వినబడాలని, సన్నని స్తంభాలతో విశాలంగా కట్టుకున్నారు. జనం కూర్చునే పడమటి భాగం సెయింట్ ఆండ్రూస్ హాల్ అయింది. సన్యాసులు ప్రార్థన చేసుకునే తూర్పు భాగానికి, వారి నల్లని పైవస్త్రాన్ని బట్టి, బ్లాక్‌ఫ్రయర్స్ హాల్ అనే పేరు నిలిచింది.

మీరు నరసాపురంవారు కనుక ఈ తూర్పు భాగం కథ మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మీ వలందర రేవు పేరులో ఉన్న వలందులు, అంటే డచ్చివారు, ఇక్కడా కనిపిస్తారు. స్పెయిను ఏలుబడిలోని తమ దేశంలో మతహింసకు తాళలేక వస్తున్న నేతగాళ్ళను, సన్నగిల్లిన తమ నేతపనికి ఊపిరి పోయడానికి నారిచ్ నగరం 1565 ప్రాంతంలో పిలిపించుకుని, ఈ మందిరాన్ని వారి ప్రార్థనలకు ఇచ్చింది. పాలకొల్లుకు వచ్చిన వలందులు బట్ట కొనుక్కుపోయే వర్తకులు. నారిచ్‌కు వెళ్ళినవారు ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్ళి, బట్ట నేసి బతికినవారు. మఠం పోయినా ఆ గోడల మధ్య ప్రార్థన తరతరాలపాటు డచ్చి భాషలో సాగిందంటే, గోడలు నిలబడి ఉండబట్టే కదా!

పడమటి హాలులో విందులు, వర్తక సంఘాల కొలువులు జరిగాయి. 1608లో ఆ ఆవరణలోనే నగర గ్రంథాలయం వెలిసింది. దేశమంతటా పాత వెండి నాణేలను కరిగించి కొత్తవి పోసిన 1696 ప్రాంతంలో ఇక్కడ టంకశాల నడిచింది. ధాన్యపు సంత సాగింది. 1824 నుంచి సంగీతోత్సవాలు మొదలయ్యాయి. మన డెల్టా ఊళ్ళలో బాటసారుల సత్రం బడిగా, ఆ తరువాత పెళ్ళి మండపంగా మారడం మనమూ చూస్తున్నదే.

నన్నడిగితే, బీరు పీపాలకన్నా మనసుకు కష్టం కలిగించేది ఇంకొకటి ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ ఆవరణలోనే దిక్కులేని పేదలచేత పని చేయించి కూడు పెట్టే వర్క్‌హౌస్ నడిపారు. చేయి చాచి భిక్ష అడగడమే వ్రతంగా బతికిన సన్యాసుల ఇంట్లో, చేయి చాచినవాణ్ణి పనిలో పెట్టి కట్టడి చేశారు.

మీ అమ్మాయి మళ్ళీ అటు వెళ్ళినప్పుడు రెండు హాళ్ళ నడుమ ఉన్న నడవాలో ఒక్క క్షణం ఆగి చూడమనండి. 1712లో కూలిపోయిన గోపురం ఒకప్పుడు నిలిచిన చోటు అదే.