పదిహేను వేలతో పాపికొండలకు: ఏ లెన్సు తీసుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మా అబ్బాయి కోసం కొన్న కెనాన్ 1500డి కెమెరా, దానితోపాటు వచ్చిన 18–55 మి.మీ. లెన్సు ఇంట్లో ఉన్నాయి. ఈ కార్తీకంలో రెండు కుటుంబాల వాళ్లం కలిసి, పదకొండు మందిమి, గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కి పాపికొండలు చూసి రావాలనుకుంటున్నాం. లెన్సు మీద పదిహేను వేలకు మించి పెట్టలేను. దుకాణంలో 75–300 చూపించారు. 18–400 ఒక్కటుంటే ఇంకేదీ అక్కర్లేదని మా తోడల్లుడు అంటున్నాడు. 50 మి.మీ. ఎఫ్/1.8 తీసుకోమని ఒక మిత్రుడి సలహా. కొండలు, ఒడ్డున పక్షులు, జాలర్లు, మా పిల్లలు, అన్నీ తీయాలని ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: ఆ మూడింటిలో ఏదీ వద్దండీ. మీ 18–55ను అలాగే ఉంచుకుని, దానికి తోడుగా కెనాన్ ఈఎఫ్-ఎస్ 55–250 మి.మీ. ఎస్‌టీఎం లెన్సును సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. మీరు అనుకున్న సొమ్ములోనే అది వస్తుంది, నీటి మీద తళుకు తగ్గించే పోలరైజర్ ఫిల్టరుకు కూడా కొంత మిగులుతుంది.

ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. మీ కెమెరా సెన్సరు వెడల్పు 22.3 మి.మీ. వంద మీటర్ల దూరంలో ఉన్న ఒడ్డును 18 మి.మీ. దగ్గర తీస్తే ఫ్రేములో దాదాపు 124 మీటర్ల ఒడ్డు పడుతుంది, 55 దగ్గర 40 మీటర్లు, 250 దగ్గర 9 మీటర్లు. అంటే ఆరు మీటర్ల నాటు పడవ, అందులో వల విసురుతున్న జాలరి, 250 దగ్గర ఫ్రేములో మూడింట రెండొంతులు నిండుతారు. అదే 300కు వెళితే 9 మీటర్లు ఏడున్నర అవుతుంది, అంతే తేడా. ఆ కాస్త దగ్గరతనం కోసం 75–300 కొంటే అంతకంటే విలువైన దాన్ని పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఆ లెన్సులో చేతి వణుకును సరిచేసే ఐఎస్ సదుపాయం లేదు, 300 దగ్గర బొమ్మ పదును కూడా అంతంత మాత్రమే. గట్టి నేల మీద నిలబడి తీసేవారికే అది ఇబ్బంది పెడుతుంది, ఇక కదిలే లాంచీ మీద చెప్పనక్కర్లేదు.

మీ తోడల్లుడుగారి మాటలో న్యాయం లేకపోలేదు. గాలి, తుంపర్లు ఉన్న చోట లెన్సు మార్చే అవసరం లేకపోవడం పెద్ద సుఖమే. కానీ టామ్రాన్ తయారుచేసిన ఆ 18–400 మీ బడ్జెట్‌కు అందేది కాదు, బరువు ఏడు వందల గ్రాములు, పైగా చివరి కొసన అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.3కు తగ్గిపోతుంది. 55–250 ఎస్‌టీఎం బరువు 375 గ్రాములే. లెన్సు మార్చే బాధను మరో విధంగా తప్పించుకోవచ్చు. లాంచీ రేవులో ఉండగానే 55–250 తగిలించుకుని బయలుదేరండి, కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరకు వచ్చే ముందు కింది అంతస్తులో గాలి తగలని మూల కూర్చుని 18–55కు మార్చుకోండి. రోజంతటికీ రెండు మూడు మార్పులకు మించవు.

50 మి.మీ. మంచి లెన్సు, చవకైనది, పెళ్లి ఇంట్లో బాగా పనికొస్తుంది. అయితే లాంచీలో మీకూ మీ పిల్లలకూ మధ్య రెండు మీటర్లకు మించి చోటుండదు. ఆ దూరంలో మీ కెమెరా మీద 50 మి.మీ. లెన్సు ఒక్క మీటరు వెడల్పు కూడా చూపించదు. ఒక మనిషి భుజాలు పట్టాక ఇంకొకరికి చోటు చాలదు. పదకొండు మంది భోజనాల బంతి తీయాలంటే మీ పాత 18–55 ఒక్కటే దిక్కు.

పక్షుల విషయంలో ఆశలు కాస్త తగ్గించుకోండి. ముప్పై మీటర్ల దూరంలో ఒడ్డున నిలబడిన చిన్న తెల్లకొంగ 250 దగ్గర ఫ్రేము ఎత్తులో మూడో వంతు వస్తుంది, అది చక్కటి బొమ్మే. రాతి మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి కూడా బాగానే వస్తుంది. లకుముకి పిట్ట మాత్రం ఆకుల మధ్య నీలి చుక్కలా మిగులుతుంది, దాని వెనుక పడి సమయం పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. మొదటిసారి గోదావరి మీద వెళ్లినప్పుడు, చెయ్యి వణకకుండా ఉంటుందని లెన్సును లాంచీ పై అంతస్తు కమ్మీ మీద ఆనించి ఉదయమంతా తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ప్రతి చెట్టు కొమ్మకూ రెండేసి అంచులు! ఇంజను అదురు ఇనుప కమ్మీ గుండా నేరుగా లెన్సులోకి వచ్చింది. కాబట్టి దేన్నీ ఆనుకోకండి, ట్రైపాడ్ అసలే తీసుకెళ్లకండి. కాళ్లు కొంచెం ఎడం చేసి, మోకాళ్లు బిగపట్టకుండా, మోచేతులు పక్కటెముకలకు ఆనించి నిలబడితే మన ఒళ్లే ఆ అదురును చాలావరకు మింగేస్తుంది.

ఐఎస్ మన చేతి వణుకును తగ్గిస్తుందే తప్ప లాంచీ ముందుకు జరగడాన్ని ఆపలేదు. లాంచీ సెకనుకు నాలుగు మీటర్లు పోతోందనుకోండి. యాభై మీటర్ల దూరంలోని ఒడ్డును 250 దగ్గర 1/125 సెకను షట్టర్ వేగంతో తీస్తే, ఆ కాస్త వ్యవధిలోనే ఒడ్డు ఫ్రేములో నలభైకి పైగా పిక్సెళ్లు జరిగిపోతుంది, 1/1000 దగ్గర ఐదు పిక్సెళ్లే. అందుచేత మోడ్ డయల్‌ను టీవీ (Tv, షట్టర్ వేగాన్ని మనమే ఎంచుకునే పద్ధతి) అన్న గుర్తు దగ్గర పెట్టి, షట్టర్ 1/1000గా, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోగా ఉంచుకోండి. కొండల నీడలో ఐఎస్‌ఓ 1600కో 3200కో ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. గరుకుగా వచ్చిన బొమ్మను తరువాత కొంతవరకు బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన దాన్ని ఏమీ చేయలేం. సరంగు ఒడ్డు చేరే ముందు ఇంజను వేగం తగ్గించే రెండు మూడు నిమిషాలు మాత్రం వదులుకోకండి. నా దగ్గరున్న మంచి బొమ్మల్లో సగం ఆ నిమిషాల్లో తీసినవే.

పోలరైజర్ గురించి. మీ కెమెరాతో వచ్చినది 18–55 ఐఎస్ 2 రకం అయితే దానికీ 55–250 ఎస్‌టీఎంకూ ముందు భాగం కొలత ఒకటే, 58 మి.మీ. కాబట్టి ఒక్క ఫిల్టరు రెండింటికీ సరిపోతుంది. అయితే ఆ 18–55లో ఫోకస్ పట్టేటప్పుడు ముందు భాగం తిరుగుతుంది, దాంతోపాటు ఫిల్టరూ తిరిగిపోతుంది. ముందు షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టి, ఆ తరువాతే ఫిల్టరును తిప్పుకోవాలి. సూర్యుడు మీకు పక్కగా ఉన్నప్పుడు నీటి మీద తళుకు తగ్గి, కొండల పచ్చదనం నిండుగా వస్తుంది. ఇది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తినేస్తుంది కనుక నీడలోకి వెళ్లగానే ఫిల్టరును విప్పేయండి. నిశ్చలంగా ఉన్న నీటిలో కొండ నీడ కనిపిస్తున్నప్పుడు కూడా దాన్ని ఎక్కువ తిప్పకండి, మీకు కావలసిన ప్రతిబింబాన్నే తుడిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లెన్సు మీద ఎస్‌టీఎం అన్న అక్షరాలు ఉన్నాయో లేదో ముందు చూడండి. 55–250లో 2007లో ఒకటి, 2011లో ఒకటి, పాత రకాలు రెండున్నాయి, 2013లో వచ్చిన ఎస్‌టీఎం వాటికంటే పదునైనది, ఫోకస్ కూడా చప్పుడు లేకుండా పడుతుంది. వెనుక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూస్తే లోపలి గాజు మీద సాలెపట్టు దారాల్లాంటివి కనిపిస్తాయేమో గమనించండి. అది ఫంగస్, మన కోస్తా తేమకు తొందరగా పడుతుంది, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఎఫ్/11 దగ్గర నాలుగైదు ఫొటోలు తీసి, తెర మీద ఎర్రర్ 01 అని వస్తే తిరిగి ఇచ్చేయండి. కెమెరాకు తగిలించకుండా ఫోకస్ రింగు తిప్పితే ఏమీ కదలదు, అది లోపం కాదు, ఎస్‌టీఎం లెన్సుల్లో కెమెరా కరెంటుతోనే ఆ రింగు పనిచేస్తుంది.

దొరక్కపోతే అద్దెకు తీసుకోవచ్చు. గుంటూరులోనూ విజయవాడలోనూ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లకు లెన్సులు అద్దెకిచ్చేవారు ఉన్నారు. ఆషాఢంలోనో మూఢంలోనో అయితే బతిమాలి ఇస్తారు, కార్తీకం ముహూర్తాల కాలం కనుక ముందే మాట్లాడుకోండి. వారు ఎక్కువగా 70–200 ఎఫ్/2.8 చేతిలో పెడతారు, మీ కెమెరాకు సరిపోతుంది, బొమ్మలు అద్భుతంగా వస్తాయి. కానీ అది కిలోన్నర బరువు, మధ్యాహ్నానికి మెడ లాగేస్తుంది.

కొన్నా, అద్దెకు తీసుకున్నా, ఒక ఆదివారం విజయవాడ వచ్చి భవానీ ద్వీపం బోటు ఎక్కి చూడండి. అటు ఇంద్రకీలాద్రి, ఇటు 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ కనిపిస్తాయి. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అర కిలోమీటరు దూరం నుంచి మీ 18 మి.మీ.కు అందులో సగమే పడుతుంది. మొత్తం పట్టించాలని వెనక్కి వెనక్కి వెళ్లకుండా, 250 దగ్గర పెట్టి కొన్ని గేట్లను మాత్రమే తీసి చూడండి. పాపికొండల దగ్గర చేయవలసింది కూడా అదే పని.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. నా దగ్గర పాత నికాన్ డి3100 ఉంది. కృష్ణలో బోటు మీద తిరిగేటప్పుడు వాడుకోవడానికి ఏఎఫ్-పి 70–300 లెన్సు చాలా తక్కువకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ఏఎఫ్-పి రకం లెన్సులు డి3100తో పనిచేయవు. ఆటోఫోకస్ రాదు, చేత్తో రింగు తిప్పినా ఫోకస్ కదలదు. అలాగని మరీ పాత ఏఎఫ్-డి లెన్సుల వైపూ పోకండి, మీ కెమెరా బాడీలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి వాటిని చేత్తోనే తిప్పుకోవాలి, కదిలే బోటులో అది అయ్యే పని కాదు. ఏఎఫ్-ఎస్ (ఫోకస్ మోటారు లెన్సులోనే ఉండే రకం) అని, దానితోపాటు వీఆర్ (చేతి వణుకును సరిచేసే నికాన్ సదుపాయం) అని రాసి ఉన్న 55–200 గానీ 55–300 గానీ వెతకండి. డబ్బు ఇచ్చే ముందు మీ డి3100నే వెంట తీసుకెళ్లి, దానికి తగిలించి, దుకాణానికి ఎదురుగా ఉన్న బోర్డు మీద ఫోకస్ పడుతోందో లేదో చూసుకోండి.