దిండులో పురుగును ముందు పురుగుగానే చూడు

అమ్మడూ,

ఉరుగ్వే రచయిత కిరోగా, అర్జెంటీనా రచయిత కొర్తాసర్ కథల్లో జంతువుల మీద నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే "ఈ కథల్లో జంతువు మృత్యువుకు ప్రతీక" అని తేల్చి పారేశావు. అలాగైతే మిగతా పేజీలు ఎందుకు రాసినట్టు?

ఒరాసియో కిరోగా 'ఈకల దిండు' (1907) మళ్ళీ తియ్యి. ఈసారి పెన్సిల్ పట్టుకుని రోగలక్షణాల కింద మాత్రమే గీతలు పెట్టు, డాక్టరు కేసుషీటు రాసుకున్నట్టు. కొత్తగా పెళ్ళైన అలీసియాకి మొదట ఫ్లూ. తర్వాత రక్తహీనత, కారణం ఎవరికీ అంతుపట్టదు. పగలు జబ్బు ముదరదు. తెల్లారేసరికి మాత్రం మనిషి పాలిపోయి, స్పృహ తప్పేలా ఉంటుంది. దిండు సర్దుతామన్నా ఒప్పుకోదు. గుట్టంతా ఆ రెండు మూడు వాక్యాల్లోనే ఉంది, ప్రతీకల వేటలో పడి నువ్వు వాటిని దాటేశావు. ఆమె పోయాక పనిమనిషి దిండు ఎత్తి, ఆ బరువుకు హడలి వదిలేస్తుంది. లోపల ఉన్నది రాత్రిళ్ళు అలీసియా నెత్తురు తాగి ఉబ్బిన పురుగు. (మన బూరుగుదూది దిండైతే ఈ కథ నడవదు, పక్షి ఈకలే కావాలి.)

భర్త హోర్దాన్ ప్రేమ బయటపెట్టలేని మనిషి, నెత్తురు తాగింది నిజానికి అతనే అన్నావు. కాదనను. ఆ తెల్లటి, చల్లటి ఇల్లు చూస్తే ఎవరికైనా అదే తడుతుంది. కానీ కిరోగా చివరి పేరాలో ఏం చేశాడు? జంతుశాస్త్ర పాఠం చెప్పే గొంతుతో, ఇలాంటి పురుగులు పక్షుల మీద బతికే పరాన్నజీవులనీ, ఈకల దిండ్లలో దొరకడం అరుదేమీ కాదనీ చెప్పి ఆపేశాడు. "ఇదంతా ప్రతీకలే" అని గుండె దిటవు చేసుకునే వీలు కూడా మనకు మిగల్చలేదు. నా మటుకు కథకు ప్రాణం ఆ పేరాయే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

కొర్తాసర్ దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. 1951 నాటి 'బెస్తియారియో' సంపుటిలో 'సెఫలేయా' (తలనొప్పి) చదువు. అందులో కథ చెప్పేవాళ్ళు పెంచే మంకుస్పియాలు లోకంలో ఎక్కడా లేని జంతువులు. తలనొప్పులు మాత్రం అచ్చం హోమియోపతి పుస్తకం ప్రకారమే నడుస్తాయి. ఒకరికి అకోనైటం మందు, ఇంకొకరికి నక్స్ వామికా! మీ నానమ్మ పంచదార గుళికల పెట్టె గుర్తుందిగా, ఇది నీకు ఇట్టే పట్టుబడుతుంది. ఆ జంతువు దేనికి ప్రతీక అని అడక్కు. దానికి రోజూ ఎంత చాకిరీ చెయ్యాలో చూడు. తల తిరిగిపోతున్నా మేత పెట్టాల్సిందే.

కిరోగాదే ఇంకో కథ 'గొంతు కోసిన కోడి' మీద రాసింది బాగుంది. ఒక్క "బలిపశువు" అన్న మాట కొట్టెయ్. వంటింట్లో ఆ కథలోని నలుగురు పిల్లలు చూసింది మధ్యాహ్నం భోజనానికి కోస్తున్న కోడిని.

శీర్షిక ఇప్పుడే పెట్టకు. కేసుషీటు అయ్యాక పంపు, చూస్తాను.

పెద్దనాన్న