బంగారు పటర్‌పై సందేహానికి సమాధానం
పాత సామాన్ల దుకాణంలో మీరు కొన్న పసుపురంగు పటర్ (గోల్ఫ్‌లో బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే కర్ర), గోల్ఫ్ విజేతలకు దాని తయారీ సంస్థ పింగ్ బహూకరించే బంగారు పటరేనా అని అడిగారు. కాకపోవచ్చు. కార్‌స్టెన్ సాల్‌హైమ్ స్థాపించిన ఈ సంస్థ, తన పటర్‌తో పెద్ద టోర్నీ గెలిచిన క్రీడాకారుడు వాడిన నమూనాకు బంగారుపూత (మేజర్లనే అతి ప్రధాన టోర్నీలకైతే అచ్చమైన బంగారు) ప్రతిరూపాలు రెండు చేయించి, ఒకటి విజేతకిచ్చి, రెండవదానిని అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉన్న తన ఖజానాలో భద్రపరుస్తుంది. వాటిపై విజేత పేరు, టోర్నీ పేరు చెక్కి ఉంటాయి. 2012లో అమెరికా క్రీడాకారుడు బబ్బా వాట్సన్ మేజర్లలో ఒకటైన మాస్టర్స్ టోర్నీ గెలిచినది కూడా పింగ్ పటర్‌తోనే. అయితే పింగ్ వారి ‘ఆన్సర్’ అనే నమూనా పాత పటర్లలో చాలావాటిని మాంగనీసు కంచుతో పోతపోశారు కనుక, మెరుగుపెడితే అవి బంగారంలాగే కనిపిస్తాయి. మీ పటర్ తలపై విజేత పేరు లేకపోతే అది ఆ కంచుదే అయి ఉంటుంది. నా దృష్టిలో అదీ తీసిపారేయదగినది కాదు, దయచేసి దానికి పూత మాత్రం వేయించకండి.