బాబుకి టైప్-1 వచ్చింది, పాపకీ వస్తుందా?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. ఈమధ్యే టైప్-1 డయాబెటిస్ అని తేలింది, ఇన్సులిన్ ఇస్తున్నాం. రెండు వైపులా ఎవరికీ చిన్నతనంలో షుగర్ లేదు. అయినా ఎవరి వైపు నుంచి వచ్చిందన్న గొడవ ఇంట్లో రోజూ ఉంటోంది. నాకు హషిమోటో థైరాయిడ్ ఉంది, అందుకే వచ్చిందా? మూడేళ్ల పాప గురించి చాలా టెన్షన్‌గా ఉంది. జన్యు పరీక్ష చేయించాలా?

జవాబు: ముందు ఆ గొడవ ఆపించండమ్మా. టైప్-1 కొత్తగా బయటపడినవాళ్లలో నూటికి 85 మందికి పైగా కుటుంబంలో ఇంకెవరికీ అది ఉండదు. ఏదో ఒక్క జన్యువు ఒకవైపు నుంచి దిగొచ్చి తెచ్చిపెట్టే జబ్బు కాదిది. జన్యువుల వల్ల వచ్చే ముప్పులో దాదాపు సగం 6వ క్రోమోజోము మీది హెచ్ఎల్ఏ జన్యువులదే. ఏది మన ఒంటిది, ఏది బయటిది అని రోగనిరోధక కణాలు గుర్తుపట్టేది వీటి ప్రొటీన్ల సాయంతోనే. వీటిలో డీఆర్3, డీఆర్4 అనే రకాలు, ముఖ్యంగా తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి కలిసి వస్తే, ఆ గుర్తింపు తప్పి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే సొంత బీటా కణాల మీదే దాడి జరిగే అవకాశం పెరుగుతుంది. అలా రెండూ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి జబ్బు ఎప్పటికీ రాదు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి రాని సందర్భాలు ఎన్నో ఉన్నాయి, అంటే జన్యువులు కాక బయటి కారణం ఇంకేదో కలవాలి. కాక్సాకీ లాంటి వైరస్‌ల మీద అనుమానం ఎక్కువ. స్వీట్లు తినడం వల్ల మాత్రం రాదు, ఆ నింద పిల్లాడి మీద అసలు వెయ్యకండి.

మీ థైరాయిడ్ సంగతి. హషిమోటో అంటే రోగనిరోధక శక్తి సొంత థైరాయిడ్ గ్రంథి మీదే దాడి చేసే జబ్బు. దానికీ టైప్-1కీ పీటీపీఎన్22, సీటీఎల్ఏ4 లాంటి కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, అందుకే రెండూ ఒకే కుటుంబంలో కనిపిస్తుంటాయి. అలాగని మీ జబ్బే బాబుకి వచ్చిందని కాదు. బాబుకి థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్షలు అప్పుడప్పుడు చేయించమని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే, అవి మానకండి.

ఇక పాప. మామూలుగా 300 మందిలో ఒకరికి వచ్చే జబ్బు, తోడబుట్టినవాళ్లకు ఉంటే నూటికి అయిదారుగురికి వస్తుంది. ముప్పు పెరిగిన మాట నిజమే, కానీ రానివాళ్లే నూటికి 94, 95 మంది. జన్యు పరీక్ష ముప్పు ఎక్కువో తక్కువో చెబుతుంది తప్ప జబ్బు వస్తుందో రాదో తేల్చదు. నేనైతే యాంటీబాడీల రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడగమంటాను, బీటా కణాల మీద దాడి మొదలైందని ముందే చెప్పే గుర్తులివి. జీఏడీ, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్, ఇన్సులిన్ యాంటీబాడీల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న పిల్లల్లో పదేళ్లలోపు నూటికి 70 మందికి డయాబెటిస్ బయటపడుతుంది. ముందే తెలిస్తే బిడ్డ కీటోఅసిడోసిస్‌లోకి (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదకర స్థితి) జారిపోయి ఐసీయూలో చేరే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. జబ్బును సగటున రెండేళ్లు వెనక్కి నెట్టే టెప్లిజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది, అప్పట్లో అది 8 ఏళ్లు, ఆపై వయసువాళ్లకు. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా కొన్నేళ్లకు మళ్లీ చూడాలి.

రోజూ పాప వేలికి సూది గుచ్చకండి, అవసరం లేదు. కానీ దాహం పెరిగినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బరువు తగ్గినా బాబు గ్లూకోమీటర్‌తో అప్పుడే చూడండి, 200 దాటితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కూడా తోడైతే అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకండి.